ఇప్పచెట్టు కింద చీపురు

ఆ పొద్దున బాసగూడ దగ్గరి అడవిలో మా ఇప్పచెట్ల కింద నిలబడి నేను గట్టిగా కేక వేశాను. పాము కనిపించిందనుకుని చిన్నమ్మ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పాము కాదు, నాకు నా నవల కనిపించింది. ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పాలో తెలియక పిచ్చిదానిలా నవ్వాను.

మా అమ్మ దోర్ల ఆదివాసీ మనిషి. నాన్న భద్రాచలం వైపు తెలుగాయన. అడవిలో ఊళ్లు తగలబెట్టిన గొడవల కాలంలో మా ఇల్లు కాలిపోయినప్పుడు నేను నాన్న వైపు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. కళ్లెదుట కాలుతుంటే చూసింది అమ్మ. తర్వాత కొన్నేళ్లు నాన్న ఊళ్లో తలదాచుకుని, మళ్లీ వచ్చి అదే జాగాలో రేకుల ఇల్లు వేసుకున్నాం. ఆ పాత ఇంటి మీద నవల రాస్తానంటే అమ్మ ఒక్కటే షరతు పెట్టింది.

"రాసుకో బిడ్డా. గానీ అచ్చుకు పోకముందు నాకు సదివి ఇనిపియ్యాలె. నేనొద్దంటే ఇడిసిపెట్టాలె."

సరేనన్నాను. ఇల్లు కాలే అధ్యాయం ఘనంగా రాశాను. అందులో అమ్మ గుండెలు బాదుకుంటుంది, పోయినవన్నీ పేరుపేరునా తలుచుకుని శోకాలు పెడుతుంది. నిజానికి ఆ ఏడుపు మా నాయనమ్మది. నాన్న వైపు వాళ్లు ఎవరైనా పోతే రాగం తీసి ఏడుస్తారు, వినేవాళ్లకు కడుపు తరుక్కుపోతుంది. నేను చదివిన తెలుగు కథల్లోనూ దుఃఖం అలా నోరు విప్పే మాట్లాడింది. అమ్మ వాళ్లు మాత్రం ఆ మంట గురించి ఒక్క ముక్క అనగా నేను వినలేదు. నాలాగే రెండిళ్ల మధ్య పెరిగినవాళ్ల నవలలు దొరికినవన్నీ చదువుతుంటాను. చాలామంది ఒక ఇంటి గాయానికి రెండో ఇంటి ఏడుపు తగిలిస్తారు. వాళ్ల మీద తెగ విసుక్కునేదాన్ని. నా అధ్యాయం చూసుకుని మాత్రం మురిసిపోయాను!

పైగా హైదరాబాదులో నా పుస్తకం వేస్తున్నాయన ఫోన్లో ఎగదోశాడు. "మేడమ్, మంట ఇంకాస్త పెంచండి. పాఠకుడు కళ్లు తుడుచుకోవాలి." పొయ్యి మీది కూర సంగతి చెప్పినట్టు చెప్పాడు.

ఇప్పపూలు రాలే ముందు మా దగ్గర చెట్ల కింద ఎండుటాకులు కాల్చేస్తారు. నేల శుభ్రమైతే తెల్లారి రాలిన పూలు బాగా కనిపిస్తాయి, ఏరడం సులువు. ఏ ఇంటి చెట్లు ఆ ఇంటికి ఉంటాయి, అందరూ కాల్చేది ఆ రోజుల్లోనే కాబట్టి అడవంతా పొగే. ఆ పొద్దున చిన్నమ్మ తన చెట్టు కింద అగ్గి పెట్టి పక్కన నిలబడింది. అమ్మ చీపురు పట్టుకుని ఆకులు ఊడుస్తోంది.

"ఏందక్కా, అడివిని గూడ ఊడుస్తవా?" చిన్నమ్మ ఎప్పటిలాగే ఆటపట్టించింది. "అగ్గిపుల్ల గీస్తే అయిపోయే పనికి నడుం ఇరగ్గొట్టుకుంటవ్."

"నా పూలకు మసి అంటొద్దు," అంది అమ్మ తలెత్తకుండా.

ఆ మాట ఏటా వింటూనే ఉన్నాను. అమ్మకు శుభ్రం పిచ్చి అనుకున్నాను. కానీ నా చిన్నప్పుడు ఇదే చెట్టు కింద నిప్పు పెట్టింది అమ్మే. మంట చుట్టూ మేం గంతులేస్తుంటే పచ్చికొమ్మతో అదిలించేది. ఆమె చీపురు పట్టింది ఇల్లు పోయాకే. అది తట్టగానే నేను కేక వేశాను.

పాత అధ్యాయమంతా తీసి పారేశాను. ఎంత హాయిగా ఉందో! మంట లేదు, ఏడుపు లేదు. ఒకామె చెట్టు కింద పొద్దెక్కేదాకా ఆకులు ఊడుస్తుంది, చుట్టూ అందరి చెట్ల కిందా పొగ లేస్తుంటుంది, అంతే. పెన్ను కింద పెట్టకుండా రాశాను. అన్నానికి పిలిస్తే కసురుకున్నాను. అమ్మ వైపు దుఃఖం నోరు తెరవకుండానే తెలుగులో నడిచి వస్తోంది! నా మొదటి కథ అచ్చయినప్పుడు కూడా అంత సంబరపడలేదు.

అంతలోనే షరతు గుర్తొచ్చి భయం పట్టుకుంది. పాత అధ్యాయాన్నయితే అమ్మ నవ్వి కొట్టిపారేసేది. ఇది ఆమె దాచుకున్నది. వద్దందంటే నా నవల నడుం విరిగినట్టే.

పూలు రాలడం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అమ్మ వాకిట్లో వాటిని ఆరబోస్తుంటే పక్కన కూర్చుని చదివాను. పుస్తకాల తెలుగు ఆమెకు అందని చోట ఆమె భాష దోర్లీలో చెప్పాను. చీపురు దగ్గరికొచ్చేసరికి ఆమె చేతులు పూల మీద ఆగిపోయాయి. చదవడం అయిపోయాక మళ్లీ పూలు ఆరబోయసాగింది.

"అగ్గి ఏదీ?" అంది చివరికి.

"పెట్టలేదమ్మా."

"ఎన్కమీద వస్తదా?"

"ఎక్కడా రాదు."

"అయితే నీ బుక్కుల మన ఇల్లు నిలబడే ఉన్నదా?"

నేను ఆ సంగతే ఆలోచించలేదు. మంట తీసేశాను గానీ, ఇల్లు మిగిలిందని నాకు తట్టనే లేదు. "ఉందమ్మా," అన్నాను.

అమ్మ పూలు వదిలేసి నా దగ్గరికి జరిగింది. "మరి వసారా రాయలేదేంది? దూలానికి మీ నాయిన నీకు ఉయ్యాల కట్టిండు, అది రాసినవా? వడ్ల గాదె తలుపు పక్కకుండె. రాయి, రాయి!" ఇన్నేళ్లలో ఆ ఇంటి ఊసెత్తని మనిషి! పిల్లి ఏ మూల ఈనిందో, గోడ ఎక్కడ పెచ్చులూడిందో, ఆమె చెప్పే వేగానికి నా చెయ్యి అందుకోలేకపోయింది. ఇద్దరం నవ్వుతున్నాం, ఇద్దరి కళ్లూ కారుతున్నాయి. ఏంది సంగతని చిన్నమ్మ వస్తే, "ఇల్లు కడుతున్నం, పో," అంది అమ్మ.

సాయంత్రం హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. మంట సంగతి ఏం చేశారని ఆయన అడుగుతున్నాడు. ఇటు అమ్మ ఇంకా గాదె పక్కన ఏముండేదో చెబుతూనే ఉంది.

"కాల్చడం కుదరదండీ," అన్నాను. "ఇంట్లో మనుషులున్నారు."