పెద్దబాపు నాలుగో పెట్టె

మా వాడకట్టు వడ్రంగి పెద్దబాపు పోయాడన్న కబురు సుబేదారి చౌరస్తాలో చాయ్ తాగుతుంటే తెలిసింది. చెప్పినవాడు సైకిల్ కూడా దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి, "మీ పెట్టెల పెద్దబాపు పోయిండురా, పొద్దుగాల" అన్నాడు. చాయ్ సగం వదిలేసి నడిచాను. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన నన్ను ఒకే ఒక పని అడిగాడు. నేను చేయలేదు. ఇక మళ్లీ అడగడానికి లేడు.

సొంత పెద్దనాన్న కాదు, వాడకట్టులో అందరికీ పెద్దబాపే. మగ్గాలు బాగుచేయడం ఆయన పని. నోట్లో మేకులు పెట్టుకునే మాట్లాడేవాడు. దుకాణంలో కూర్చుని ఏ చప్పుడు ఎవరి మగ్గానిదో చెప్పేవాడు. "గది మీ ఎదురింటి అత్తది. ఇయ్యాల మొగనితోని లొల్లయినట్టున్నది, గట్టిగ కొడుతాంది" అనేవాడు.

రెండేళ్లకోసారి మేడారం జాతరకు ఒక ఆట పెట్టె చేసేవాడు. మీలో జాతరకు పోయినవాళ్లు వాటి ముందు నిలబడే ఉంటారు. బీరువా అంత పెట్టె, ముందు అద్దం, లోపల రంగులేసిన అడవి, అందులో జానెడు చెక్క వేటగాడు. పక్కన రెండు పిడులు. ఒకటి లాగితే దుముకుతాడు, ఇంకోటి లాగితే వంగుతాడు. మొదటి పెట్టెలో పులి, వాగు. రెండో దాంట్లో కోట. మూడో దాంట్లో గుహ, పైనుంచి దొర్లిపడే బండలు. చివరి తలుపు దాటిస్తే గెలిచినట్టు. మూడింటినీ అందరికన్నా ముందు గెలిచింది నేనే. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి చెప్పుకోవడానికి ఇంకేముంటుంది?

బడి మానేసిన రోజు మా బాపు కొట్టాడు. అందరూ నీతులు చెప్పారు. పెద్దబాపు మాత్రం ఒక గరుకు కాగితం చేతిలో పెట్టి, "మానినవా? మంచిది. గీ చెక్క రుద్దు" అన్నాడు. సాయంత్రం దాకా రుద్దాను. ఆ రోజు నన్ను ఏమీ అడగని మనిషి ఆయనొక్కడే.

నాలుగో పెట్టె తయారైనప్పుడు ముందు నన్నే పిలిచాడు. గోనెపట్టా తీశాడు. చూడగానే కడుపు మండింది.

పులి లేదు. వాగు లేదు. బండలు లేవు. పిడులు కూడా లేవు. మన వేటగాడే, పెళ్లికొడుకులా కొత్త రంగు పూసుకుని, గీత గీసినట్టున్న బాట మీద నిలబడ్డాడు. కింద మగ్గానికున్నట్టు కాలితో తొక్కే చెక్క. పక్కన తాడుకు ఒక రాయి. రాయి మెల్లగా దిగుతుంటే లోపల చక్రం తిరుగుతుంది, చక్రం మీది మేకులు ఒక చిన్న డప్పును కొడతాయి. డప్పు మోగినప్పుడే తొక్కితే వేటగాడు ఒక అడుగు వేస్తాడు. తప్పితే మళ్లీ మొదటికి. అంతే ఆట. పులి నోట్లోంచి బయటపడ్డ మొనగాణ్ని తెచ్చి డప్పు వెనక ఊరేగిస్తాడా ఈయన అనుకున్నాను.

తొక్కాను. ఏడడుగులు బాగానే వేశాడు. ఎనిమిదో దెబ్బ పడలేదు, నా కాలు పడింది. వేటగాడు గిర్రున వెనక్కి వచ్చాడు. నాలుగుసార్లు ఇదే.

"పెద్దబాపూ, నీ డప్పు ఖరాబైంది."

"ఖరాబు గాలే. అది గంతే."

"గంతే ఏంది? కొట్టుకుంట కొట్టుకుంట నడుమ ఊకుంటాంది."

"అది ఊకున్నప్పుడు నువ్వూ ఊకో. జర ఊకునుడు వస్తదా నీకు?"

మగ్గాల పని మీద వచ్చి చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. మగ్గం పలక పగిలిందని చెప్పడానికి వచ్చిన ఎదురింటి అత్త, "జరుగు అల్లుడా" అని కొంగులో దారం కండెలతోనే కాలు పెట్టింది. మొదటిసారే తలుపు దాటించింది.

"ఎట్ల ఆడినవ్ అత్తా?"

"ఆడుడేంది? గుడ్డ జరంత నేసినంక మగ్గం ఆపి చుట్టుకోమా? గదే."

"అయితే ఇది ఆట కాదు, పని" అన్నాను పెద్దబాపుతో. "పనిని పెట్టెల పెట్టి ఆటంటే ఎట్ల?"

"నువ్వెప్పుడన్న చేస్తే గద, ఏది పనో నీకు తెలిసేది."

మళ్లీ నవ్వులు. అప్పుడాయన నోట్లో మేకులు తీసి చేతిలో పెట్టుకున్నాడు. "గవన్నీ సరే. జాతరల నడుస్తదా? నువ్వు నడుస్తదంటెనే తీస్కపోత."

అందరి ముందు ఓడిపోయి ఉన్నాను. "ఎవడాడుతడు? ముసలోళ్లు, ఆడోళ్లు ఆడాలె. నీ పరువు పోతది పెద్దబాపూ. పొయ్యిల పెట్టు."

ఆయన గోనెపట్టా కప్పి నాలుగు మూలలూ సర్దాడు. ఆ జాతరకు పాత గుహ పెట్టెనే తీసుకుపోయాడు.

ఆ తర్వాత నేను లారీ మీద పనిచేశాను, సైకిల్ షాపులో చేశాను, టాకీసులో టికెట్లు చింపాను. ఎక్కడా నిలవలేదు. పెద్దబాపు పోయే కొన్నాళ్ల ముందు, దవాఖానలో ఆయన్ను చూడబోతే, "నాలుగోది ఇంకోపారి ఆడి చూడురా, ఓడిన కోపం పోయింది గద" అన్నాడు. చూస్తానన్నాను. చూడలేదు.

దినాల నాడు భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి లేచి "మహా కళాకారుడు" అన్నాడు. ఆ మనిషి ఒక్క పెట్టె ముందైనా నిలబడలేదు. మగ్గం విరిగితే తప్ప గడప తొక్కని వాళ్లంతా తలలూపారు. విస్తరి ముందు నుంచి లేచిపోవాలనిపించింది. కానీ నాలుగో పెట్టె ముందు నిలబడి, అది బయటికి రాకుండా చేసింది నేనే. నాకేం హక్కుంది?

అందరూ పోయాక పెద్దమ్మ అడిగింది. "గా పెట్టెను ఏం జేద్దాంరా? కట్టెలకు ఇయ్యమంటాండ్రు."

"మేడారం తీస్కపోత పెద్దమ్మా."

"నడువదంటివి గద?"

"నడువది. అయినా తీస్కపోత."

ఆమె లోపలికి పోయి, పెట్టెకు కట్టడానికి ఆయన తాడు తెచ్చిచ్చింది.

ములుగు మీదుగా జీపులో తీసుకుపోయాను. జాతరలో పొద్దంతా పిలగాళ్లు వచ్చారు, తొక్కారు, తిట్టారు. "గిదేం ఆట అన్నా? పులేది?" అన్నాడొకడు. "లేదు" అన్నాను. "మరేమున్నది?" "నడుసుడు." వాడు ఉమ్మేసి పోయాడు. వాడి మీద చెయ్యి చేసుకోబోయి, ఆ మాట మొదట అన్నది నేనే కదా అని ఆగాను. నా అభిప్రాయమేమీ మారలేదు. గుహ పెట్టె ముందు ఇది దేనికీ పనికిరాదు.

ఎండ వాలే వేళకు ఒక ముసలామె వచ్చింది. అమ్మవార్లకు బెల్లం మొక్కి వస్తున్నట్టుంది, చేతులకు బెల్లం అంటుకుని ఉంది. చెప్పుల్లేవు, కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము. ఏం చేయాలని నన్ను అడగలేదు. డప్పు కాసేపు విని, కాలు పెట్టింది. ఏడడుగులు. డప్పు ఊరుకుంది, ఆమె ఊరుకుంది. మళ్లీ ఏడు. వెనక తోసుకుంటున్న జనం తోసుకోవడం మానారు. వేటగాడు తలుపు తోసి లోపలికి పోయాడు. రాయి నేలకు ఆనింది. డప్పు ఆగిపోయింది. ఆమె మాత్రం కాలు తీయలేదు. దుమ్ముపట్టిన పాదం ఆ చెక్క మీద అలాగే ఉంచి, తరువాతి దెబ్బ కోసం చూస్తూ నిలబడింది.