అమలైన తప్పు

వెర్నా హౌగెన్ ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకే పని చేసింది. చట్టాల్లో దొర్లిన తప్పులు ఏరడం. శాసనసభ భవనం అడుగు అంతస్తులో, ఆవిరి గొట్టాల పక్కన ఆమె బల్ల. అక్కడ ఒంటరిగా చదవకూడదు. ఒకరు కామాలతో సహా పైకి చదవాలి, ఇంకొకరు వేలు పెట్టి చూసుకుంటూ పోవాలి, చివర ఇద్దరూ పొడి అక్షరాలు వేయాలి. ఈ చదువులో ఆమెకు జంట అయోన్.

ఆ ఏప్రిల్‌లో, సభ ముగిసే వారం, ప్రభుత్వ ఉద్యోగాల బోర్డు సెక్షన్‌ని రెండు బిల్లులు మార్చాయి. ఒకటి బోర్డు పేరు మార్చింది. రెండోది, సీజన్ పనివాళ్లు చేసిన ఏళ్లు కూడా పర్మనెంటు ఉద్యోగానికి లెక్కకొస్తాయని ఒక వాక్యం చేర్చింది. రెండూ కలిపి ఆ సెక్షన్‌కి కొత్త పాఠం తయారు చేయాలి. అయోన్ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. తెల్లారేదాకా ఆగితే సరిపోయేది. వెర్నా ఆగలేదు. ఒక్కతే చదివేసింది, అయోన్ అక్షరాలూ తనే వేసేసింది. సీజన్ పనివాళ్ల వాక్యం కొత్త పాఠంలోంచి జారిపోయింది.

వేసవిలో ఆమే కనిపెట్టింది. పెద్ద సంగతేం కాదు. ఏటా జనవరిలో ఇలాంటివి దిద్దడానికి తప్పుల బిల్లు పెడతారు. అందులో కొత్తది ఏదీ ఉండదన్న నమ్మకంతో సభ చర్చ లేకుండా ఆమోదించేస్తుంది. కానీ ప్రతి తప్పు ఎదురుగా, ఎలా జరిగింది, చదివింది ఎవరు అని రాయాలి. వెర్నా ఆ తప్పు రాసుకున్న కాగితం సొరుగులో పెట్టింది. వచ్చే ఏడాది చూద్దామనుకుంది. ఆ వచ్చే ఏడాదీ అదే అనుకుంది.

మూడో నవంబరులో పక్కింటి ఓరిన్ స్కోగ్మో తలుపు తట్టాడు. పంతొమ్మిది చలికాలాలుగా సీజన్ పనివాడిగా రాష్ట్ర రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతున్నాడు. పనిలో పనిగా వెర్నా ఇంటి ముందు మంచూ తన ట్రక్కుతో తోసేస్తాడు. కూలీ అంటే నవ్వుతాడు, ఆమె చేసే లెఫ్సే అనే ఆలుగడ్డ రొట్టెలు మాత్రం డజను తక్కువైతే ఊరుకోడు.

"నువ్వు చట్టాల మనిషివి కదా, ఇదేంటో చదివి చెప్పు," అని ఉత్తరం ఇచ్చాడు. "పర్మనెంటుకి పెట్టుకుంటే, నా ఏళ్లు లెక్కలోకి రావట. పంతొమ్మిదేళ్లు నేను ఎక్కడున్నట్టు మరి, ఫ్లోరిడా ఎండలోనా?"

సెక్షన్ నంబరు చూడగానే వెర్నా గుర్తుపట్టింది, తను సొరుగులో పెట్టిందే.

"పర్మనెంటయితే మా ఆవిడ కరెన్‌కి ఏడాది పొడుగునా ఇన్సూరెన్స్ వస్తుంది," అన్నాడు ఓరిన్. "వేసవి వస్తే ఇన్సూరెన్స్ ఉండక దాని మందులు ఆపేస్తున్నాం. అదొక్కటే నా బాధ."

"కనుక్కుంటాను," అంది వెర్నా. ఉత్తరం మడిచి తిరిగి ఇచ్చేసింది.

మర్నాడు సొరుగులోంచి కాగితం తీసింది. కారణం దగ్గర ఉన్నదున్నట్టు రాసి ఆఫీసరు సెలెస్ట్‌కి ఇచ్చింది. సెలెస్ట్ వయసులో చిన్నది, మాట మెత్తన. రెండుసార్లు చదివింది.

"అయోన్ అక్షరాలు కూడా మీరే వేశారా?"

"వేశాను."

"దాని సంగతి తర్వాత. ఈ పాఠం చూపించి బోర్డు వాళ్లు ఎవరికైనా పర్మనెంటు కాదన్నారా?"

లేదని చెబితే అయిపోయేది. సెలెస్ట్ ఇంకేం అడిగేది కాదు.

"మా పక్కింటాయనకి. పోయిన వారం."

సెలెస్ట్ పెన్ను కింద పెట్టింది. "అయితే ఇది మన చేతుల్లోంచి పోయింది, వెర్నా. దీన్ని పట్టుకుని ఓ మనిషికి కాదని చెప్పేశాక ఇది తప్పు కాదు, చట్టం. తప్పుల బిల్లులో దూరిస్తే రేపట్నుంచి మనల్ని ఎవరూ నమ్మరు. ఎవరో సభ్యుడు విడిగా బిల్లు పెట్టాలి. రెండేళ్ల కిందే ఇచ్చుంటే..."

"తెలుసు," అంది వెర్నా.

ఒక సభ్యుడు పెట్టాడు. బడ్జెట్ వాళ్లు ఖర్చెంతని అడిగారు. బిల్లు కమిటీలోనే ఆగిపోయింది. తప్పుల బిల్లు మాత్రం నాలుగు నిమిషాల్లో దాటింది. వెర్నా పై గ్యాలరీలో కూచుని చూసింది. అరవై మూడు తప్పులు దిద్దారు, అరవై నాలుగోది లేదు.

ఆ సాయంత్రం ఓరిన్ ఆమె వాకిట్లో మంచు తోస్తున్నాడు. వెర్నా కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా వెళ్లి మొత్తం చెప్పింది. సొరుగు సంగతి కూడా. ఓరిన్ ఇంజిను ఆపాడు.

"రెండేళ్లు నీ సొరుగులో ఉందా?"

"ఉంది."

"రొట్టెలు ఇచ్చేటప్పుడు కూడా?"

ఆమె తలూపింది. అతను ఇంజిను మళ్లీ వేశాడు.

"లోపలికెళ్లు. చలిగా ఉంది," అన్నాడు.

మిగతా దారి అంచుల దాకా శుభ్రంగా తోశాడు. కాఫీకి లోపలికి రాలేదు. మార్చిలో వాళ్లు ఇన్సూరెన్స్ ఇచ్చే చక్కెర మిల్లు ఉన్న ఊరికి వెళ్లిపోయారు. ఆ తర్వాతి ఏడాది సభ ఆ వాక్యాన్ని తిరిగి చేర్చింది. పాఠం చదివింది వెర్నా, అయోన్ బదులు కొత్తగా జంటకి వచ్చినామె. వెర్నా ఆ వాక్యాన్ని మూడుసార్లు పైకి చదివించింది.

ఇప్పుడు ఆమె రిటైరైంది. వాకిట్లో మంచు తనే పారతో తీసుకుంటుంది. ఓరిన్ తోసినట్టు అంచుల దాకా శుభ్రం కాదు.