జువాలజీ సార్ తీయించిన పోస్టు

మా జువాలజీ సార్ పోయారని కాలేజీ పేజీ చూస్తే తెలిసింది. ఆ పేజీ ఉన్నది ఉద్యోగస్తులు, చదువుకునేవాళ్లు పరిచయాలు పెంచుకునే సైటులో. ఒక పాత గ్రూప్ ఫొటోలోంచి ఆయన్ను కత్తిరించి, చుట్టూ పూలదండ అతికించి, "మా కాలేజీ కుటుంబ పెద్ద, మార్గదర్శి ఇక లేరు" అని పెట్టారు. అడుగున అడ్మిషన్ల ఫోన్ నంబరు. ఖమ్మంలో దవాఖానాకు చేర్చేలోపే గుండె ఆగిందట. కింద వచ్చిన మాటల్లో నాలుగోది, "కంగ్రాచ్యులేషన్స్ సార్, గర్వంగా ఉంది." ఎవడో చదవకుండానే కొట్టాడు. సాయంత్రం దాకా దాన్ని ఎవరూ తీసేయలేదు.

ఆ "కుటుంబ పెద్ద"ను రెండేళ్ల కిందట క్లాసులు తక్కువున్నాయని పంపించేసింది మా కాలేజీయే. అసలు కారణం నాకు తెలుసు. నేను అక్కడే కామర్స్ చెబుతాను. అప్పట్లో ఆ పేజీ నా చేతిలో ఉండేది. ఆయన మీద గౌరవంతోనే ఇది రాస్తున్నాను. కానీ రాస్తున్నకొద్దీ నా మీద నాకున్న రోత కూడా బయటపడుతుంది. పాఠకులు మన్నించాలి.

మాది భద్రాచలం దారిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. పిల్లల్లో సగం మంది అడవి అంచు గూడేల నుంచి వస్తారు. సార్‌ది కారేపల్లి. వారమంతా ఇక్కడ కిరాయి గదిలో ఉండి శనివారం బస్సెక్కేవారు. ల్యాబులోకి చెప్పులు విప్పి వెళ్లేవారు. ఎవరూ విప్పమనలేదు. గాజు స్లైడులు కడిగి, తన చేతిరుమాలుతోనే తుడిచి, మిఠాయి డబ్బాలో వరసగా నిలబెట్టేవారు. మాకున్న ఒకే ఒక మైక్రోస్కోపును "ముసలోడు" అనేవారు. "ముసలోనికి ఇయ్యాల పానం బాగలేదు, రేపు చూద్దాం" అంటే దాని లైటు పోయిందని అర్థం.

పిల్లలు పుస్తకంలో బొమ్మ చూసి రికార్డులో దించేస్తే ఒప్పుకునేవారు కాదు. "కనవడ్డది రాయి. కనవడాల్సింది రాయకు" అనేవారు. ఏమీ కనపడలేదని రాసిన ఒక పిల్లవాడికి పూర్తి మార్కులు వేశారు. నేను నవ్వితే, "తెల్వదు అనుడు గూడ జవాబే తమ్మీ" అన్నారు.

స్టాఫంతా ఆ సైటులో చేరాలని ప్రిన్సిపాల్ ఆర్డరు వేసినప్పుడు సార్ కూడా చేరారు. ఫొటో పెట్టమన్న చోట దోమ లార్వా బొమ్మ పెట్టారు. ఏమేం వచ్చో రాయమన్న చోట "స్లైడు చూడటం" అని ఒక్క మాట రాశారు.

"ఏంది సార్ ఇది, చూసెటోళ్లు ఏమనుకుంటరు?" అన్నారు ప్రిన్సిపాల్.

"దోమ అనుకుంటరు సార్" అన్నారాయన.

మేమంతా ఒకరి భుజం ఒకరం చరుచుకోవడానికి ఆ సైటు వాడాం. నేను సార్‌ను "దార్శనికుడు" అని పొగుడుతూ సిఫారసు రాశాను, ఆయన నాకు తిరిగి రాస్తారని. ఆయన రాయలేదు. ఆ సైటును పాఠానికి వాడిన మనిషి మాలో ఆయనొక్కరే. మైక్రోస్కోపు కంటికి ఫోను ఆనించి ఫొటో తీయడం పిల్లలకు నేర్పారు. తీసినవాటిని అక్కడ పెట్టి, తెలిసినవాళ్లను అడగమనేవారు.

అలా అడిగినవాళ్లలో ఒక కోయ అమ్మాయి ఉండేది. వాళ్ల గూడెంలో ఏటా మలేరియా. రక్తపు చుక్క స్లైడులో పురుగును గుర్తుపట్టడం నేర్చుకోవాలని ఆమె పట్టుదల. ఒకసారి ఎర్ర కణం మీద రెండు చుక్కలు కనపడితే ఫొటో పెట్టి, ఇది మలేరియానా అని అడిగింది. వరంగల్‌లో ల్యాబు నడిపే ఒక డాక్టరమ్మ జవాబిచ్చింది. ఫోకస్ కొంచెం కదిపి చూడమ్మా, కణం మసకబారినా ఆ చుక్కలు తేటగా ఉంటే అవి పైన పడ్డ రంగు మరకలే అని. అమ్మాయి కదిపి చూసింది. రంగు మరకలే. సార్ ఆ రోజు స్టాఫ్ రూముకు వచ్చి, "మన పిల్ల వరంగల్ డాక్టరుతోని మాట్లాడింది" అని అందరికీ ఫ్లాస్కులో చాయ్ పోశారు. నెలలోపే, డిగ్రీ అయ్యాక తన ల్యాబుకు ట్రైనింగుకు రమ్మని డాక్టరమ్మ ఆమెకు రాసింది.

ఇది ప్రిన్సిపాల్ చెవిన పడింది. "మంచి స్టోరీ. ఇంటికి పోయి ఫొటోలు తీసుకురా" అని నన్ను పంపారు.

నేను వెళ్లాను. అమ్మాయి కాలేజీలో ఉంది. వాళ్లమ్మ ఫొటో అనగానే మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. "వద్దమ్మా, పనికి పోయే చీరలోనే బాగుంటది" అన్నాను. ఆమె లోపలికి వెళ్లి మార్చుకుని వచ్చింది. రేకుల ఇల్లు శుభ్రంగా ఉంది. దాని ముందు వద్దని వెనక పశువుల కొట్టం దగ్గర నిలబెట్టాను. చెప్పులు విప్పమన్నాను. అదీ చేసింది. రాత్రికి ఇంగ్లీషులో రాశాను, ఆమె చదవలేదనే ధైర్యంతో. అక్షరం ముక్క రాని తల్లి, పూట గడవని ఇల్లు, చేయి పట్టి నడిపించిన మా కాలేజీ. వేలమంది మెచ్చుకున్నారు. కళ్లు చెమర్చాయని రాశారు. నేను పొద్దుటిదాకా వాటిని చదువుకుంటూ కూర్చున్నాను.

మూడో రోజు అమ్మాయి స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మా అమ్మ పొదుపు సంఘం లీడరు సార్. మీటింగుల పుస్తకం చదివేది మా అమ్మనే. అక్షరం రాదని రాసిన్రు. సంఘంల ఒకామె ఫోన్ల చూపిచ్చి అందరికి చెప్పింది. పూట గడవక మా ఇండ్లల్ల అడుక్కున్నవా అని మా అమ్మను చూసి నవ్విన్రట."

ఆమె మాట్లాడింది నాతో కాదు, సార్‌తో. రాసింది ఎవరో ఆమెకు తెలియదు. మర్నాటి నుంచి కాలేజీకి రాలేదు.

సార్ నా కుర్చీ పక్కన నిలబడ్డారు. గొంతు పెంచలేదు.

"తమ్మీ, ఆమెకు చదువు రాదని నీకెవరు చెప్పిన్రు?"

"గట్ల రాస్తేనే జనం చదువుతరు సార్."

"ఆమెను అడిగినవా?"

నేను ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను. ఆయన బయటికి వెళ్లి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నారు. అప్పుడాయన చేతులకు స్లైడులకు వేసే రంగేమీ అంటి లేదు.

ఆ పోస్టు తీయించమని సార్ ప్రిన్సిపాల్‌ను అడిగితే, అడ్మిషన్ల సీజను అయ్యాక చూద్దాం అన్నారు. పాస్‌వర్డు నా ఫోనులోనే ఉంది. ఒక్క నిమిషం పని. ఉద్యోగం పోతుందన్న భయం నిజమే కానీ, ఆ మెచ్చుకోళ్లు వదులుకోబుద్ధి కాలేదన్నది ఇంకా నిజం. సార్ రోజూ పొద్దున నమస్కారం బదులు "తీసినవా?" అని అడిగేవారు. రేపు సార్, అనేవాణ్ని. అలా వారం గడిపాను.

ఎనిమిదో రోజు ఆయన సెలవు పెట్టి గూడెం వెళ్లారు. అక్కడ జరిగింది అమ్మాయి తర్వాత చెప్పగా విన్నాను. సంఘం మీటింగులో అందరి ముందు కూర్చుని, నేను రాసింది ఒక్కో వాక్యం తెలుగులో చదివారట. ప్రతి వాక్యం తర్వాత ఆగి, "ఇది నిజమేనా అమ్మా?" అని తల్లిని అడిగారట. ఆమె కాదన్నదల్లా కాగితం మీద రాసుకున్నారట. చివర, "తప్పు మాది. మా కాలేజీది" అని దండం పెట్టారట. రాసినవాడి పేరు చెప్పమని ఆడవాళ్లు గట్టిగా అడిగినా చెప్పలేదట.

మర్నాడు ఆ కాగితం నా బల్ల మీద పెట్టారు. అందులో ఉన్నది ఇంతే: మాకు రెండెకరాల పత్తి ఉంది. నేను ఏడో తరగతి చదివిన. నా బిడ్డను నేను చదివిస్తున్న. కింద తల్లి సంతకం, గుండ్రటి అక్షరాల్లో.

"ఇదన్న పెట్టు, లేకపోతే అదన్న తియ్యి" అన్నారు.

ఆయన కళ్లెదుటే పోస్టు తీసేశాను. తల్లి మాటలు పెట్టే ధైర్యం లేకపోయింది. ప్రిన్సిపాల్ అడిగితే, "నేనే తీపిచ్చిన" అన్నారు సార్. నేను తల దించుకుని హాజరు పట్టీ చూస్తూ ఉన్నాను. ఆ వేసవిలో ఆయన్ను రావద్దన్నారు. వీడ్కోలు సభ కూడా లేదు. మిఠాయి డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కారు. "పిల్లలను అడిగి రాయి తమ్మీ" అన్నారు, అంతే. ఒక్క నిష్ఠూరం లేదు. అది ఇప్పటికీ నన్ను కాలుస్తూనే ఉంది.

అమ్మాయిని మాత్రం ఆయన వదల్లేదు. మళ్లీ రెండుసార్లు గూడెం వెళ్లి పరీక్షలు రాయించారు. ట్రైనింగుకు తల్లీబిడ్డలతో పాటు వరంగల్ వెళ్లి దింపి వచ్చారు. ఆమె ఇప్పుడు భద్రాచలంలో ఒక ల్యాబులో పనిచేస్తోంది. కారేపల్లిలో ఉంటూ కూడా సార్ ఆ సైటులో పిల్లలు పెట్టే స్లైడులు చూసి జవాబులు రాస్తూనే ఉండేవారట.

సార్ పదకొండో రోజు కర్మకు కారేపల్లి వెళ్లాను. కాలేజీ నుంచి ఇంకెవరూ రాలేదు. తల్లీ కూతుళ్లు అప్పటికే అక్కడున్నారు. తల్లి వంటల దగ్గర సాయం చేస్తోంది. నన్ను చూసి ఆగింది.

"ఫొటో తీసిన సారు గదా."

"అవ్ అమ్మా. రాసింది గూడ నేనే."

ఆమె చేతిలో గరిటె పక్కన పెట్టింది. కూతురు కోయలో ఏదో అంది.

"సారు నీ పేరు చెప్పలే" అంది తల్లి. "కూసో, తిని పో."

తిన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురం ఒకే బస్సు ఎక్కాం. వాళ్లు నాకు రెండు సీట్ల ముందు కూర్చున్నారు. కొత్తగూడెం దాటాక అమ్మాయి నిద్రపోయింది. రోడ్డు గతుకులకు ఆమె తల కిటికీ కమ్మీ వైపు వాలుతోంది. తల్లి తన అరచేతిని తలకూ కమ్మీకీ మధ్య పెట్టింది. బస్సు ఎగిరినప్పుడల్లా ఆ చేయి కమ్మీకి కొట్టుకుంటోంది. ఆమె తీయలేదు. అడవి మొదలై, చీకటి పడి, బస్సులో లైట్లు వేసినా తీయలేదు.