హాల్లోకి వచ్చిన ఆటల పెట్టె

మా చెల్లెలి భర్త ఓడల్లో ఇంజిన్ గదిలో పనిచేస్తాడు. ఆ మధ్య సెలవుకు వచ్చినప్పుడు, గోపాలపట్నంలో వాళ్ల ఇంటికి రంగులు వేయిస్తున్నారని, ఒక చిన్న నల్లటి పెట్టెను తువ్వాలులో చుట్టి గాజువాకలోని మా ఇంటికి తెచ్చాడు. ఏదో దేశపు రేవులో ముచ్చటపడి కొన్నాడట.

"దుమ్మెల్తే పాడైపోద్ది బావ. రంగులయ్యేదాకా మీ టీవీకి పెట్టుకో. ఆడుకో," అన్నాడు.

"ఏటిది? ఆటల కన్సోలా?"

"సూడ్డానికి కన్సోలే గానీ లోపలంతా కంప్యూటరే. కంప్యూటర్ ఆటలన్నీ ఇందులో టీవీ మీద ఆడుకోవచ్చు."

"నాకు కంప్యూటరుంది కదా?"

"ఉంది. గదిలో ఉంది. ఇది హాల్లో ఉంటాది."

ఆ తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు. కానీ తను ఎంతో పెద్ద విషయం చెప్పినట్టు నావైపు చూశాడు కాబట్టి తలూపాను.

నేను పారిశ్రామికవాడలో ఒక వర్క్‌షాపులో షిఫ్టుల మీద పనిచేస్తాను. డ్యూటీ దిగి స్నానం చేశాక, చిన్న గదిలో కంప్యూటరు ముందు కాసేపు ఆడుకోవడం పెళ్లికి ముందు నుంచీ అలవాటు. ఏసీ చల్లదనం పోతుందని తలుపు వేసుకుంటాను. నా భార్య టీ కప్పు పెట్టడానికి తప్ప ఆ గదిలోకి వచ్చేది కాదు.

ఆ సాయంత్రం పెట్టెను టీవీకి తగిలించి నా ఆటల అకౌంట్ తెరిస్తే, గదిలో ఉన్న ఆటలన్నీ హాల్లోకి వచ్చేశాయి. బాగానే ఉందనుకుని, ఎప్పుడూ ఆడే కత్తియుద్ధం మొదలుపెట్టాను. సోఫా దూరంగా ఉండటంతో అక్షరాలు కనబడలేదు. కుర్చీ లాక్కుని టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చున్నాను. వెనక సీరియల్ కోసం ఎదురుచూస్తూ అమ్మ.

"ఆడెవుడ్రా? ఆడ్నెందుకు నరికేత్తన్నావ్?"

"శత్రువమ్మా."

"నీకేటి సేసేడు?"

చెప్పబోయి ఆగిపోయాను. కొన్నేళ్లుగా వాణ్ని నరుకుతున్నాను. వాడేం చేశాడో నాకు తెలియదు. మొదట్లో వచ్చే కథను ఎప్పుడూ బటన్ నొక్కి దాటేసేవాణ్ని. అమ్మ చూస్తుండగా మళ్లీ కత్తి ఎత్తబుద్ధి కాలేదు.

"సంపుకోడం కాకుండా ఇంకేటీ లేవా?" అని నా భార్య పక్కన కూర్చుంది. ఎప్పుడో తగ్గింపులో కొని తెరవని పొలం ఆట ఒకటి ఉంటే, అది పెట్టాను. తను శ్రీకాకుళం వైపు రైతుల ఇంటి పిల్ల. ఇప్పుడు ఇక్కడ బడిలో టీచరు.

"ఇలాగియ్యండి, నాను సూత్తాను," అని కంట్రోలర్ అందుకుంది. కాసేపటికి, "ఇదేం పొలమండీ, గట్టే లేదు!" అని తిట్టింది. తిడుతూనే నాట్లు వేసింది.

మర్నాటి నుంచి బడి నుంచి రాగానే అదే పని. అమ్మ ఆమెకు సలహాదారు. "ఆవుని కట్టేయమ్మా, తోటలోకెల్లిపోతది." సీరియల్ సంగతి ఇద్దరికీ గుర్తులేదు. నేను వచ్చేసరికి టీవీ ఖాళీ ఉండేది కాదు. సరే, నా గది నాకుంది కదా అని వెళ్లి తలుపు వేసుకునేవాణ్ని. అవతల ఇద్దరూ పకపకా నవ్వితే కత్తి దించేసి తలుపు తెరిచి చూసేవాణ్ని. నాకు కావలసింది ఏకాంతమే అయితే అది దొరికింది కదా? మరి ఈ లేచి చూడడం దేనికి?

రంగుల పని అయ్యాక బావ, అదే మా చెల్లెలి భర్త, పెట్టె కోసం వచ్చాడు.

"ఎలాగుంది బావ? కొనుక్కోవచ్చంటావా?"

"ఏటి సెప్పమంటావు? నాను ఆడిందే లేదు."

"మరి నా పొలం?" అంది నా భార్య గాభరాగా.

పొలం పెట్టెలో లేదని, అకౌంట్లో ఉందని, గదిలోని కంప్యూటర్లో కూడా వస్తుందని బావ వివరించాడు. నిజంగానే వచ్చింది. నా కుర్చీలో కూర్చుని రెండు మళ్లకు నీళ్లు పెట్టి లేచిపోయింది.

"ఆడబుద్ధవట్లేదండీ."

"అదే పొలం కదా?"

"అదే. పక్కన అత్తయ్య లేరు."

ఆ గదిలో రెండో కుర్చీ పట్టదు.

తరువాతి ఆదివారం బావా నేనూ కంప్యూటర్‌ను మోసుకొచ్చి టీవీ కింద పెట్టి వైరు తగిలించాం. నా భార్య ఒళ్లో చపాతీ పీట పెట్టుకుని దాని మీద మౌసు తిప్పింది. ఆట నడిచింది.

"సూసేవా, పెట్టె అక్కర్లేదు," అన్నాను గెలిచినట్టు.

అప్పుడే కంప్యూటరు లోపలి ఫ్యాను వేగం అందుకుంది. ఘాటు ఎక్కే బస్సులా రొద మొదలైంది.

"ఈ మోతేటి బావ? అందుకే పెట్టె," అన్నాడు.

ఇద్దరి మాటా నిజమే అనిపించింది. పెట్టె కొంటే హాలు నిశ్శబ్దంగా ఉంటుంది, కంప్యూటరు గదికి తిరిగి వెళుతుంది, నేనూ దాని వెంట వెళతాను. అది లాభమో నష్టమో తేల్చుకోలేకపోయాను.

"ఆ పెట్టె కొందామేటండీ?" అని వారం తర్వాత నా భార్య అడిగింది.

"దేనికి?"

ఆలోచిస్తూ చపాతీ పీట మీద మౌసు ఆపింది.

"అదంతా తర్వాత," అంది అమ్మ టీవీ వైపు చూపిస్తూ. "ముందా గడ్డి కోయండి, వానొచ్చేలాగుంది."