చేలో పుట్టిన రేమాట

మొన్న ఆదివారం పొద్దున నంద్యాలలో మా కూతురింటి వసారాలో చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ ఉంటే, కాలేజీ చదువుతున్న మా మనవరాలు కంప్యూటరు ఒడిలో పెట్టుకుని పక్కన చేరి, తనలో తానే ఏవో మాటలు గొణుక్కుంటూ కూర్చుంది. పరీక్షకు వల్లె వేసుకుంటోందేమో అనుకున్నాను. అడిగితే, తానొక భాష తయారు చేస్తున్నానని చెప్పింది. ఇటలీ, స్పెయిను వైపు మాట్లాడే భాషల సొంపు ఉండాలట, కానీ వాటిలో ఏదీ కాకూడదట. ఇట్లా ఆటకు భాషలు అల్లుకునేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారట. పనిని చెప్పే మాటలన్నిటినీ ఒకే పద్ధతిలో నడిపించి, ఆ తర్వాత రావడం, పోవడం, ఇవ్వడం, ఉండడం లాంటి ఐదారు మాటలను మాత్రం కావాలని వంకర తిప్పుతోంది. చక్కగా నడిచేవాటిని ఎందుకే చెడగొడతావని అడిగాను.

"అన్నీ తిన్నగా ఉంటే దొంగ భాష మాదిరి ఉంటాది జేజీ. మనుషులు నిజంగా మాట్లాడిందైతే యాడో ఒకచోట అరిగిపోవాల కదా" అంది.

నా చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది. తల నెరిసిన తర్వాత, ఆడవాళ్ల సాయంకాలపు బడిలో పలకపట్టి అక్షరాలు దిద్దుకున్న మనిషిని నేను. వ్యాకరణమంటే ఏందో నాకు తెలియదు. అయినా ఆ పిల్ల చెబుతున్నది నాకు కొత్త కాదు. అట్లాంటి భాషనొకదాన్ని మేము నలుగురైదుగురు ఆడవాళ్లం, ఒక్కరికీ అక్షరం రాకుండానే, గోస్పాడు దగ్గర పత్తిచేలో అల్లుకున్నాం, మాట్లాడుకున్నాం, అరగదీసుకున్నాం కూడా.

నా పుట్టిల్లు ఆళ్లగడ్డ. మా నాయన శిల్పాలు చెక్కేవాళ్ల దగ్గర రాళ్లు మోసేవాడు. పొద్దున కళ్లు తెరిచిన దగ్గర్నుంచి ఉలి చప్పుడు వింటూ పెరిగినదాన్ని, పెళ్లయి గోస్పాడు పక్క పల్లెకు వచ్చేసరికి ఆ చప్పుడు లేక చెవులు బోసిపోయినట్టుండేది. వచ్చిన నెలలోనే మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచేదాన్ని, నన్ను వెంటబెట్టుకుని విత్తనపు పత్తిలో క్రాసింగు పనికి తీసుకుపోయింది. మీలో ఆ పని ఎరిగినవాళ్లు ఉంటే నేను చెప్పనక్కర లేదు. సాయంత్రం మొగ్గను గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి గింజలన్నీ తీసేసి, ఎర్ర కాగితం టోపీ తొడగాలి. మర్నాడు పొద్దున మగచెట్ల వరసలోంచి పూలు కోసుకొచ్చి, టోపీ తీసి, ఆ పుప్పొడిని దీనికి రుద్ది, దారం కట్టాలి. అది కూడా ఎండ ముదిరేలోపే. ఎండెక్కిందంటే ఒలిచిన పువ్వు కొన ఎండిపోయి, నిన్నటి చాకిరీ అంతా మట్టిపాలే.

ఆ చేనికి ఒక కట్టడి ఉండేది. బయటున్న ఆడమనిషి పత్తిలో కాలు పెడితే పూత రాలిపోతుందని, కాయ పట్టదని ఆసామి వాళ్ల అమ్మకు గట్టి నమ్మకం. గట్టు మీద పసుపు కుంకుమ పూసిన రాయి ఒకటి ఉండేది. ఆమె రోజూ దాని పక్కనే గోనెసంచి పరుచుకుని కూర్చుని, వచ్చినవాళ్ల మొహాలు ఒక్కొక్కటే పరికించి లోపలికి పంపేది. మాలో ఎవరైనా బయటున్నానని చెప్పి ఇంటికి పోయిందంటే, ఆమె సాలు ఇంకొకరికి పోయేది. ఆ పూతకాలమంతా అది మళ్లీ తిరిగి వచ్చేది కాదు. నెలనెలా వచ్చేదానికి పని పోగొట్టుకునే స్తోమత మాలో ఎవరికుంది? అందుకని అందరూ దాచుకునేవాళ్లే.

ఈ దాచుకోవడంలోంచే ఆ భాష పుట్టింది. మా గుంపుకు పెద్ద ఒకామె ఉండేది, అందరం పెద్దమ్మా అనేవాళ్లం. ఆమె వయసులో ఉన్నప్పుడు సముద్రాలవతల నుంచి వచ్చిన తెల్ల సిస్టర్ల వంటింట్లో కొన్నేళ్లు పనిచేసింది. వాళ్లు తమలో తాము మాట్లాడుకునే మాటల రాగం ఆమె చెవిలో నిలిచిపోయింది గానీ అర్థాలు నిలవలేదు. ఆ రాగానికి తన సొంత మాటలు తొడిగి మాకు నేర్పింది. పని మాట ఏదైనా చివర 'రే' అని ముగియాలి. నేను చేస్తానంటే 'ఓ', నువ్వంటే 'ఆస్', మనమంతా అంటే 'ఆమో'. మొగ్గ ఒలవడం తొలారే. నేను ఒలుస్తాను తొలో, నువ్వు ఒలుస్తావు తొలాస్, మనం ఒలుస్తాం తొలామో. అంతే, పిల్లలు కూడా పట్టేయగలిగినంత సులువు. దానికి మేము పెట్టుకున్న పేరు రేమాట.

కానీ రోజుకు పదిసార్లు అనేవి ఆ దారిన నడవలేదు. పోవడం ఇలారే. ఆ లెక్కన నేను పోతాను అంటే ఇలో కావాలి. ఎదురుగాలిలో సాలు ఈ కొస నుంచి ఆ కొసకు కేకేయగా కేకేయగా అది 'వో' అయి కూర్చుంది. మనం పోదాం అన్నది 'జామో' ఎట్లా అయిందో పెద్దమ్మకే తెలియదు. బయటుండడం దెహారే. నేను బయటున్నాను అంటే దెహో అనాలి, కానీ ఆసామి తల్లి చెవిన పడకుండా అనీ అనీ అది ఒట్టి 'హో' అయిపోయింది, వేలికొనల మీది పుప్పొడి ఊదుకున్నట్టు. పొద్దున ఎవరైనా హో అంటే చాలు, ఆమెను నడుమ పెట్టుకుని గట్టు దాటించేవాళ్లం, కాలువ పక్క సాలు ఆమెకు వదిలేవాళ్లం, కాసేపు నడుము వాలిస్తే ఆమె మొగ్గలు పంచుకుని ఒలిచేవాళ్లం. నేను తొలిసారి తప్పు పలికినప్పుడు అక్క ఎంత నవ్విందో. "దెహో అంటాండావా? పంతులమ్మ వచ్చిందిమే మన చేలోకి!" అని అందరికీ చెప్పి చెప్పి నవ్వించింది.

ఆ ఏడు అక్క మొగుడు, మా బావకు బండి మీద నుంచి పడి కాలు విరిగింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే అక్క చేతి పనే దిక్కు. ఆమెకు ఆ మూడునాళ్లూ కడుపునొప్పి ఎక్కువ. ఒకరోజు పొద్దున రావద్దన్నా వినకుండా వచ్చింది. హో అంది, నడుమ పెట్టుకుని దాటించాం. పూలు రుద్దే పని సగానికి వచ్చేసరికి నొప్పికి నిలబడలేక సాలు మధ్యలో చతికిలబడిపోయింది. గట్టు మీది కళ్లు దాన్ని పట్టేశాయి. ఆసామి తల్లి కర్ర పోటేసుకుంటూ వచ్చి మా సాళ్ల కొసన నిలబడింది.

"ఏమ్మే, బయటుండావా?" అంది.

అక్క పూలబుట్ట ఒళ్లోకి లాక్కుంది.

"ల్యాకపోతే రా. ఆ రాయి మీద చెయ్యేసి చెప్పు. చెప్పినావంటే నేనేమీ అనను."

అక్క మొహం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఆ రాయికి ఆమె కూడా పండగపూట కుంకుమ పెట్టిన మనిషి. అబద్ధమాడటానికి నోరు వస్తుందేమో గానీ, ఆ స్థితిలో రాతి మీద చెయ్యి వేయడానికి ఆమెకు చెయ్యి రాదు. వేయకపోతే సాలు పోతుంది, ఇంట్లో పొయ్యి ఆరుతుంది. లేచి నిలబడి, కొంగు నడుముకు బిగించుకుని, చేతిలోని మగపూల బుట్ట కింద పెట్టేసింది. పోవడానికే సిద్ధపడిందని మాకందరికీ అర్థమైంది.

అప్పుడు పెద్దమ్మ, అవతలి సాలులో నిలబడి, తన బుట్ట కూడా కింద పెట్టి, "హామో" అంది.

ఆ మాట మేము అంతవరకూ ఎన్నడూ వినలేదు. నేను బయటున్నాను అని ఉంది, నువ్వు బయటున్నావా అని ఉంది. మనమందరం బయటున్నాం అనే అవసరం ఎవరికి వస్తుంది? అయినా ఒక్కరికీ విడమరిచి చెప్పవలసిన పని పడలేదు. నా పక్కనామె హామో అని బుట్ట దించింది. నేనూ దించాను. ఒకరి తర్వాత ఒకరం సాళ్లలోంచి నడిచి వచ్చి కాలువ గట్టు మీద వరసగా కూర్చున్నాం.

"ఏందిమే ఇది? మీకేం పుట్టింది?" అని కేకేసింది ఆసామి తల్లి.

"ఏం జేద్దాం తల్లీ, ఈపొద్దు అందరం బయటే ఉండాం" అంది పెద్దమ్మ, తొణక్కుండా.

"అందరూ ఒక్కపారే ఎట్లుంటారే? నువ్వు కూడానా? నీకు నా వయసుండాది!"

"నాకూ అదే నవ్వులాటగా ఉండాది తల్లీ. నమ్మకపోతే అడుగు. రాయిని ముట్టి చెబుదామంటే ముట్టేటట్లు ల్యాము కదా."

ఈ మాటకు మాలో ఒకామె నవ్వు ఆగక దగ్గినట్టు నటించింది. ఆసామి మోటారు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు. సంగతి తల్లిని అడిగాడు, ఆమె చెప్పింది, చెప్పేసరికి ఆయనకు మా వైపు చూడటానికే సిగ్గయి, "అమ్మా, పూలు ఎండిపోతాండాయి, ఏదో ఒకటి తేల్చు" అంటూ వేపచెట్టు వైపు తిరిగి నిలబడ్డాడు. ఎండ నెత్తికి ఎక్కుతోంది. ఎర్ర టోపీలు ఇంకా తీయని సాళ్లు సగం దాకా ఉన్నాయి. ముసలామె వాటిని చూసింది, మమ్మల్ని చూసింది, కొడుకు వీపును చూసింది. చివరికి తానే వచ్చి, గట్టు మీద కూర్చున్న అక్క ఎదురుగా నిలబడింది.

"నాకు కూడా వయసులో ఇట్లే నొప్పి వచ్చేది" అంది, ఎవరితోనో కోపంగా ఉన్నట్టు. "సోంపు నమిలి పో. పోండి, పనిలోకి పోండి అందరూ!"

అక్క సాలు అక్కకే దక్కింది. మర్నాటి నుంచి ముసలామె గట్టు మీద కూర్చోవడం మానలేదు గానీ, మేము వచ్చే వేళకు గోనెసంచి కాలువ వైపు తిప్పి వేసుకునేది, మాకు ఆమె వీపే కనబడేది. ఆ ఏడు కాయ విరగకాసింది. దాని గురించి ఆమె గానీ మేము గానీ ఒక్క మాట అనుకోలేదు.

ఆ తర్వాత చానా ఏళ్లకు పెద్దమ్మ పోయింది, నాలుగేళ్ల కిందట అక్క పోయింది. మా గుంపులో మిగిలినవాళ్లు బండి ఆత్మకూరు వైపు ఒకరు, వెలుగోడు వైపు ఒకరు, కొడుకుల దగ్గర కూతుళ్ల దగ్గర చెదిరిపోయారు. ఎప్పుడైనా పెళ్లిలో కనబడితే ఆరోగ్యాల గురించి మాట్లాడుకుంటాం. రేమాట గుర్తు చేసుకుందామన్నా రెండు మాటల తర్వాత మూడోది రాదు. చేతులు పనిలో ఉంటేనే నోటికి వచ్చేదేమో అది. బస్సులో ఆళ్లగడ్డ పోయేటప్పుడు ఆ వైపు చూస్తాను. ఇప్పుడక్కడ వేరే పంటలు, పనికి వచ్చేవాళ్లు ఆటోల్లో దిగుతారు, ఒక్కొక్కరి చెవిలో ఒక్కో పాట.

ఇదంతా మనవరాలికి చెప్పాను. పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని, తొలో తొలాస్ అని రాసుకుంటూ, వంకర మాటలు వచ్చినప్పుడల్లా సంబరపడిపోయింది. ఆమె ఇంట్లో ఏ రోజైనా ఎక్కడైనా తిరుగుతుంది, వంటింట్లోకి పోతుంది, దేవుడి గూటి ముందు నుంచి నడుస్తుంది, ఎవరూ ఆపి అడగరు. అది చూసినప్పుడల్లా నా మనసు చల్లబడుతుంది. పోయిన నెలలో పరీక్ష రోజున కడుపు పట్టుకుని మెట్ల మీద కూర్చుంది, నేను చూసి దగ్గరికి పోయేలోపే లేచి, ఏమీ లేదన్నట్టు సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. అది గుర్తొచ్చి అడిగాను, నీ భాషలో దీనికి ఏం మాట పెట్టినావే అని.

"దీనికి మాటెందుకు జేజీ? మాత్రుంది కదా" అని నవ్వింది.

నిజమే, మాత్ర ఉంది. మేమెరగని సుఖమది. గింజలు తీయడంలో పడ్డాను గానీ, ఆ పిల్ల ఆ రోజు బస్సులో, పరీక్ష గదిలో, అంతమంది ఆడపిల్లల మధ్య కూర్చుని, ఆ నొప్పిని ఒక్కరికీ చెప్పకుండా ఇంటికి తిరిగి వచ్చిందన్న సంగతి మాత్రం మనసులోంచి పోలేదు.