కారు పంపు, బొమ్మ విమానం మోటరు

ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వెనక టార్పాలిన్ పరిచిన గుంటలో బాపు ఆ ఏడాది రవ్వ, బొచ్చె చేపపిల్లల్ని పెంచుతున్నాడు. మోకాళ్లు అరిగి చెరువులో వల వేయలేని మనిషికి మిగిలిన పని అదొక్కటే. "ఇవి గూడ పోతే ఇగ మూలకు కూసునుడే" అనేవాడు.

ముసురు పట్టిన ఒక పొద్దున ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. గుంటలో నీళ్లు చిమ్మే కరెంటు పంపు ఆగిపోయింది. గంట తిరక్కుండానే గాలి అందక చేపపిల్లలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచాయి. కొన్ని అప్పటికే పోయాయి. బాపు వాటిని ఏరి పక్కన పెట్టి, బకెట్‌తో నీళ్లు ఎత్తి పోస్తున్నాడు.

నాకు బొమ్మ విమానాల పిచ్చి. వాటి మూడు వైర్ల మోటరొకటి, దాన్ని నడిపే కంట్రోలరుతో సహా తీసి, పాత సామాన్ల షెడ్డులో దొరికిన కారు నీళ్ల పంపుకు బిగించి పెట్టాను, కరెంటు పోతే అక్కరకొస్తుందని. ఇంజను బెల్టుతో తిరగాల్సిన పంపు అది. బెల్టు చక్రం విప్పేసి, పంపు ఇరుసును, మోటరు ఇరుసును ఎదురెదురుగా పెట్టి రబ్బరు పైపు ముక్కతో కలిపాను. ఆ పొద్దున కారు బ్యాటరీ తగిలిస్తే మోటరు గుయ్యిమంది గానీ, పైపులోంచి సన్నటి ధార కారింది, అంతే.

క్లిప్పులు బిగించాను. పైపు ఊది చూశాను. బ్యాటరీని నోటికొచ్చినట్టు తిట్టాను. చదువుకున్నవాణ్ని కదా, తప్పు నాదేనని చచ్చినా తట్టదు. బాపు బకెట్ దించి, వంగి చూశాడు.

"ఉల్టా తిరుగుతున్నది రా."

"ఇది మన పొలంల బోరు మోటరు కాదు బాపు. జర ఆగు."

"మూడు వైర్లే కద? లైన్ బాగు చేసినప్పుడల్లా బోరు గిట్లనే చేస్తది. రెండు వైర్లు అటుదిటు మార్చు."

నిజమే. ఎదురెదురుగా పెడితే మోటరు కుడివైపు తిరిగితే పంపు ఎడమవైపు తిరుగుతుందని నేను ఆలోచించనే లేదు. రెండు వైర్లు మార్చాను. నీళ్లు అవతలి గట్టుదాకా ఎగిరి పడ్డాయి. అమ్మయ్య అనుకుంటూ ఆ బురదలోనే కూలబడ్డాను.

అరగంటకు పిల్లలు ఒక్కొక్కటే నోళ్లు మూసుకుని కిందికి దిగాయి. బాపు గుంట చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"కనబడతలేవు" అన్నాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

నేనూ చూశాను. నీళ్ల మీద ఒక్క పిల్లా లేదు. చేపలు కనబడనందుకు మేమిద్దరం ఏడ్చింది ఆ ఒక్కరోజే.