లేని చుట్టం ఇల్లు

నా చిన్నప్పుడు నేను హైదరాబాదు నగరాన్ని మహా గొప్పగా వర్ణించాను. అప్పటికి నేను చూసిన అతి పెద్ద ఊరు చీరాల. పర్చూరు అవతల ఉన్న మా పల్లె నుంచి అక్కడికి రెండంటే రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి చెవి నొప్పికి, ఒకసారి మా పిన్ని పెళ్ళి చీరలకు. ఆ రెండు ప్రయాణాల అనుభవంతో రెండు మహానగరాల మంచిచెడ్డలు తేల్చేశాను. జనం చప్పట్లు కొట్టారు. అవి గుర్తొస్తే ఇవాళ్టికీ నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

మా పెదనాన్న ఊళ్ళో గ్రంథాలయం నడిపేవారు. ఆదివారం సాయంత్రాలు దాని వరండాలో వాదోపవాదాలు పెట్టించేవారు. జాతకాలు నమ్మదగినవా, వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే తప్పేమిటి, ఇలాంటి విషయాల మీద పెద్దవాళ్ళు గొంతులు చించుకునేవారు. నేను ఈ రోజు రాసే ప్రతి వాక్యానికీ పునాది ఆ వరండాలోనే పడింది. మధ్యమధ్యలో పిల్లలకూ అవకాశం ఇచ్చేవారు. చీటీలు తీయించి, ఏ చీటీ వస్తే ఆ పక్షం మాట్లాడమనేవారు. ఇష్టం లేని పక్షం మాట్లాడితేనే బుర్రకు పదును వస్తుందని ఆయన నమ్మకం. అందులో తప్పేమీ లేదు. తప్పు నాలో ఉంది.

ఆ ఆదివారం విషయం, కాపురానికి మద్రాసు మంచిదా, హైదరాబాదు మంచిదా అని. మా వైపు నుంచి బతుకుతెరువుకు బయలుదేరే వాళ్ళకు అప్పట్లో ఆ రెండే దారులు. రైలు దక్షిణానికి ఎక్కితే మద్రాసు, ఉత్తరానికి ఎక్కితే హైదరాబాదు. నాకు హైదరాబాదు చీటీ వచ్చింది. నాకు పన్నెండేళ్ళు. మద్రాసు తరఫున మాట్లాడిన కుర్రాడు నాకంటే పెద్దవాడు, పదో తరగతి. వాడూ చీరాల స్టేషను దాటి ఎరగడు.

వాడు సముద్రపు గాలి గురించి చాలాసేపు చెప్పాడు. మండువేసవిలో కూడా సాయంత్రమయ్యేసరికి మద్రాసులో చల్లగాలి తిరుగుతుందన్నాడు. నేను లేచి, "సముద్రపు గాలి కోసం మద్రాసు దాకా ఎందుకండీ, బండి కట్టుకుని చీరాల పోతే చాలదూ?" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. మద్రాసులో ఉదయం ఉతికిన చొక్కా సాయంత్రానికీ ఆరదనీ, ఆరిందనుకుని తొడుక్కుంటే మన చెమటే దాన్ని మళ్ళీ ఉతుకుతుందనీ అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. హైదరాబాదు ఎత్తు మీద ఉందనీ, గాలి పొడిగా ఉంటుందనీ, పగలెంత ఎండ కాసినా రాత్రికి ఒళ్ళు చల్లబడుతుందనీ భూగోళం పుస్తకంలో చదివింది చెప్పాను. అక్కడితో ఆపి కూర్చుంటే ఈ కథే లేదు.

నవ్వులు ఆగిపోయాయి. నాకింకా కావాలనిపించింది. ఆ క్షణంలో నా నోట్లోంచి ఒక మనిషి పుట్టుకొచ్చాడు. మా దూరపు చుట్టం ఒకాయన ఉబ్బసంతో మద్రాసులో మంచం పట్టాడనీ, హైదరాబాదు వెళ్ళిన నెలకల్లా లేచి నడిచాడనీ, ఇప్పుడు మేడ మెట్లు చకచకా ఎక్కుతున్నాడనీ చెప్పాను. అలాంటి చుట్టం మాకు లేడు. ఉంటే మా పెదనాన్నకు తెలియకుండా ఉండడు. ఆయన కళ్ళజోడు పైనుంచి నా వైపు చూసి, మీసాల్లో నవ్వుకున్నారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను. గెలుపు నాదే అన్నారు.

వరండా మెట్ల దగ్గర ఆడవాళ్ళలో మా పక్కింటి అక్క కూర్చుని ఉంది. అందరూ నవ్వినప్పుడు ఆమె నవ్విందో లేదో నేను చూడలేదు.

ఆ అక్క గురించి చెప్పాలి. నాకు జడలు వేసేది, రేడియోలో పాట విని వరస పట్టేది, నవ్వితే మధ్యలో దగ్గు వచ్చి నవ్వు ఆగిపోయేది. ఆమెకు ఉబ్బసం. మిరపకాయల కల్లాల్లో కాయలు ఏరే పని చేసేది. ఎండిన రాశి ముందు కూర్చుని, ఎర్రటి కాయల్లోంచి తెల్లబారిన తాలు కాయల్ని వేరు చేయాలి. ఆ ఘాటుకు మామూలు మనిషే తుమ్ముతాడు. అక్క ముక్కుకు చెంగు కట్టుకుని ఏరేది. ఇంకొన్నేళ్ళు ఈ కారంలో కూర్చుంటే మనిషి మిగలదని పర్చూరు డాక్టరు చెప్పేశాడు. అందుకని బావ ఊరు వదలాలని నిర్ణయించాడు. మద్రాసులో అక్కకు తోడబుట్టిన చెల్లెలు ఉంది. వాళ్ళ వాటాలోనే ఒక గది ఖాళీగా ఉంది, రమ్మని కబురు చేసింది. హైదరాబాదులో బావకు తెలిసినవాళ్ళు ఒక గోదాములో కాపలా పని చూపిస్తామన్నారు. ఊపిరి నీది కాబట్టి ఎటు పోదామో నువ్వే చెప్పమని బావ ఆమెకే వదిలేశాడు. ఇదంతా అప్పటికి నాకు తెలియదు. అడిగిందీ లేదు.

మర్నాడు అక్క మా పెరటి గోడ దగ్గరికి వచ్చింది.

"ఏమే, నిన్న చెప్పావే, మీ చుట్టం, ఆయన నిజంగానే లేచి నడిచాడా?"

అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట. చప్పట్ల కోసం అన్నానక్కా, అలాంటివాడు లేడు అని. కానీ ఆమె కళ్ళలో ఎంత ఆశ ఉందంటే, దాన్ని ఆర్పడం కంటే అబద్ధాన్ని పెంచడమే నాకు తేలికనిపించింది. నడిచాడన్నాను.

"ఏ పేటలో ఉంటాడే?"

హైదరాబాదులో నాకు తెలిసిన పేరు ఒక్కటే, నాంపల్లి. ఆ పేరు కూడా ఊళ్ళోవాళ్ళ రైలు కబుర్లలో విన్నదే. నాంపల్లి స్టేషను వెనక వీధి అన్నాను. గుర్తేమిటని అడిగింది. ఇంటి ముందు వేపచెట్టుంటుందన్నాను. అక్క పెదవులు కదుపుతూ ఆ మాటల్ని రెండుసార్లు తనలో తను చెప్పుకుంది. స్టేషను వెనక, వేపచెట్టు. స్టేషను వెనక, వేపచెట్టు.

తొలకరికి ముందే వాళ్ళు హైదరాబాదు రైలెక్కారు. మద్రాసు చెల్లెలు తన పక్క గది ఇంకెవరికో ఇచ్చేసింది.

మళ్ళీ మిరప కోతలు మొదలైన రోజుల్లో అక్క తిరిగొచ్చింది. బండి దిగడానికి బావ చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. వానాకాలం బాగానే గడిచిందట. చలికాలం వచ్చాక మాత్రం తెల్లవారుజామున ఊపిరి అందేది కాదట. గోదాము వెనక రేకుల గది, కింద నాపరాళ్ళు. బావ కాపలాకు పోతే వేణ్ణీళ్ళు కాచిచ్చే మనిషి లేదు. పొడి గాలి, ఎత్తైన చోటు అని గొప్పగా చెప్పాను గానీ, ఆ ఎత్తైన చోట చలికాలం ఎలా ఉంటుందో నా ఉపన్యాసంలో ఒక్క ముక్క లేదు. భూగోళం పుస్తకంలో అది కూడా ఉంది. నా పక్షానికి పనికిరాదని వదిలేశాను.

ఒకరోజు కల్లంలో ఆడవాళ్ళంతా కాయలు ఏరుతున్నారు. అక్క మళ్ళీ చెంగు కట్టుకుని వాళ్ళలో కూర్చుంది. నేను దూరంగా, మా రాశి చాటున ఉన్నాను. పెదనాన్న అటుగా వచ్చి ఆమెను పలకరించారు.

"ఏమ్మా, మా పిల్ల చెప్పిన ఆ చుట్టాన్ని కలిశావా? నాకు తెలియని చుట్టం ఎవరా అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను."

నేను రాశి వెనక ఇంకా కిందికి ఒదిగాను. అక్క నా వైపు చూడలేదు. చేతిలో తాలు కాయను పక్కకు వేసి, "వెతుక్కుంటూ పోయానండీ. మేం వెళ్ళేటప్పటికి ఆయన ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయాడంటండీ" అంది. ఆ మాటను దగ్గు మింగేసింది. పెదనాన్న ఆమెను చూసి, రాశి చాటున ఉన్న నన్ను చూసి వెళ్ళిపోయారు. ఈసారి ఆయన మీసాల్లో నవ్వు లేదు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచాక అక్క నన్ను పిలిచి తన రాశి ముందు కూర్చోమంది. ఏరమంది. ఇద్దరం కాసేపు ఏరుతూ కూర్చున్నాం. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె మామూలు గొంతుతో, పొలం కబుర్లు చెప్పినట్టుగా చెప్పుకుపోయింది. చలి మొదలయ్యాక, బావ డ్యూటీ నుంచి రాకముందే, మూడు పొద్దులు వరసగా స్టేషను వెనక వీధులన్నీ తిరిగిందట. ఎక్కడ ఊపిరి అందకపోతే అక్కడ అరుగు మీద కూర్చుని, మళ్ళీ లేచి, కనబడ్డవాళ్ళనల్లా అడిగిందట. ఉబ్బసం తగ్గి లేచి నడిచినాయన ఇల్లెక్కడ బాబూ అని. ఆయన ఏ మందు వాడాడో కనుక్కుందామని.

"మూడో రోజుకి తెలిసిపోయిందిలే" అంది. తర్వాత నవ్వింది. "ఆ వీధిలో వేపచెట్టు కూడా లేదే పిల్లా. వేపచెట్టన్నా నిజంది చెప్పొచ్చుగా!"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. చేతుల్తో కళ్ళు తుడుచుకున్నాను. అప్పటిదాకా మిరపకాయలు ఏరిన చేతులు. కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. కెవ్వుమన్నాను. అక్క గబుక్కున లేచి, తాగడానికి తెచ్చుకున్న ముంతలో నీళ్ళతో నా కళ్ళు కడిగింది. దగ్గుతూ, ఆయాసపడుతూ, ఒక చేత్తో నా గడ్డం ఎత్తి పట్టుకుని కడిగింది. "రుద్దకే, రుద్దకు. నీళ్ళు పోనీ" అంటూనే ఉంది. ముంత ఖాళీ అయింది. ఆ మధ్యాహ్నమంతా ఆమెకు గొంతు తడుపుకోవడానికి నీళ్ళు లేవు.

నేను క్షమించమని అడగలేదు. ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. అడిగే వయసు వచ్చేనాటికి అడగడానికి ఆమె లేదు. ఆ కారంలోనే, ఆ చెంగుతోనే ఆమె జీవితం గడిచిపోయింది. మద్రాసు వెళ్ళి ఉంటే బాగుపడేదా అంటే, నిజాయితీగా చెప్పాలంటే నాకు తెలియదు. సముద్రపు తేమ ఉబ్బసానికి మేలు చేసేదో కీడు చేసేదో. కానీ అక్కడ ఆమెకు చెల్లెలుండేది, వేణ్ణీళ్ళుండేవి. తెలియదన్న మాటను నా తప్పుకు అడ్డం పెట్టుకోను. ఆ మాట పెరటి గోడ దగ్గర చెప్పాల్సింది, ఇప్పుడు కాదు.

తర్వాత ఉద్యోగం నన్ను హైదరాబాదుకే తీసుకెళ్ళింది. మొదటి చలికాలంలో ఒక తెల్లవారుజామున నాంపల్లి స్టేషను వెనక్కి వెళ్ళి నడిచాను. పళ్ళు టకటక కొట్టుకున్నాయి. నా ఊపిరితిత్తులకు ఏ జబ్బూ లేదు. అయినా రెండో మలుపు దగ్గర ఒక అరుగు మీద కూర్చోవలసి వచ్చింది.

ఉద్యోగం ముగించుకుని మా వైపుకే తిరిగొచ్చాక, ఈ మధ్య మా ఎదురింటి అమ్మాయి వచ్చింది. గుంటూరులో చదువు పూర్తయింది, రెండు చోట్ల ఉద్యోగం వచ్చింది. హైదరాబాదు మంచిదా, బెంగళూరు మంచిదా అమ్మమ్మా అని అడిగింది. ఫోనులో రెండు ఊళ్ళ వాతావరణమూ పక్కపక్కన పెట్టి చూపించింది. హైదరాబాదులో ముప్ఫై ఏళ్ళున్నాను, ఎండా చలీ ట్రాఫిక్కూ అన్నీ చెప్తానన్నాను. బెంగళూరులో నాలుగు రోజులే ఉన్నాను, ఆ నాలుగు రోజులూ వాన పడింది, అంతకు మించి నాకు తెలియదన్నాను. "మీరు కూడా తెలియదంటారా!" అని ఆశ్చర్యపోయింది. వేదికల మీద నన్ను చూసిన పిల్ల మరి.

నిజమే, వేదికల మీద నేను మెత్తగా ఉండను. స్వాముల మహిమలు చెప్పేవాళ్ళూ, తాయెత్తుతో రోగం కుదిరిందనేవాళ్ళూ ఎదురుగా కూర్చుని, "మాకు తెలిసినాయన ఒకాయనకు తగ్గింది" అనగానే నేను లేచి అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆయన ఇల్లెక్కడ?" సభ చప్పట్లతో మోగుతుంది. హేతువాదం అంటే ఇదీ అని నన్ను మెచ్చుకుంటూ రాసినవాళ్ళున్నారు.

ఆ ప్రశ్న నాది కాదు. గడ్డకట్టే చలిలో ఊపిరి అందక, అరుగు అరుగుకూ ఆగుతూ, నేను పుట్టించిన మనిషి కోసం వీధి వీధీ తిరిగినామె అడిగిన ప్రశ్న అది. ఇప్పటికీ నా రాతలో "ఒకాయన" అన్న మాట వచ్చినప్పుడల్లా కలం ఆగుతుంది. ఆయన ఉన్న వీధి, ఇంటి గుర్తు నాకు తెలిస్తేనే ముందుకు కదులుతుంది. తెలియకపోతే ఆ వాక్యం కొట్టేస్తాను. కొట్టేసిన ప్రతిసారీ, ఎందుకో తెలియదు, కళ్ళు కాస్త మండుతాయి.